శోధనలో ఉన్నప్పుడు "ఎందుకు ప్రభువా" తర్వాత ఏం చేయాలి

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలో పెట్టిన వాగ్దానం కార్డుల్లోంచి ఒకటి తీసుకోవడం మన సంఘాల్లో చాలామందికి అలవాటే. ఇన్నేళ్ళలో నాకు "ఆశీర్వదించెదను" వచ్చింది, "తలగా నియమించును" రెండుసార్లు వచ్చింది, కానీ "లోకములో మీకు శ్రమ కలుగును" అనే కార్డు మాత్రం నాకే కాదు, నాకు తెలిసి ఎవరికీ రాలేదు. అచ్చు వేయరు కదా! అదీ యేసు చెప్పిన మాటే, యోహాను సువార్త 16వ అధ్యాయం చివర్లో ఉంది, పైగా నేను పెద్దవాణ్ణయ్యాక అది నెరవేరని ఏడాది ఒక్కటీ లేదు.

నేను బోధకుణ్ణి కాదండి. లెక్కలు రాసుకునేవాణ్ణి. కొన్నేళ్ళ క్రితం ఒక కట్టడాల ఆఫీసులో జీతం ఆగిపోయి, ఇంట్లో బంగారం తాకట్టుకి వెళ్ళి, అదే సమయంలో ఒక దొంగ బిల్లు నా బల్ల మీదకి వచ్చింది. అప్పుడు నేను ఏం చేశానో, ఏం చేయకుండా ఉండాల్సిందో, వాక్యంలో ఏది నిజంగా పనికొచ్చిందో ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం పోయినవాళ్ళు, ఇంట్లో జబ్బుతో ఉన్నవాళ్ళు, ఎవరికీ చెప్పుకోలేని అలవాటుతో రోజూ పోరాడేవాళ్ళు, ఎవరైనా సరే, మీకు కావలసింది తీసుకోండి.

ముందు అది ఏ రకమో తేల్చుకోండి

మన తెలుగు బైబిల్లో "శోధన" అనే మాట రెండు పనులు చేస్తుంది. బయటినుంచి మీద పడే కష్టానికీ అదే, లోపలినుంచి లాగే ఆశకీ అదే. గ్రీకులో కూడా ఆ మూల మాట రెంటికీ సరిపోతుందట. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం తెరిచి చూడండి, 2వ వచనంలో నానా విధాల శోధనల్లో పడినప్పుడు మహానందం అనుకోమంటాడు, పదకొండు వచనాలు దాటేసరికి "నేను దేవునిచేత శోధింపబడుచున్నాను" అని ఎవడూ అనకూడదంటాడు. మొదటిసారి చదివినప్పుడు నాకు తల తిరిగింది, ఆనందించమంటున్నాడా, దేవుడి మీద నెట్టొద్దంటున్నాడా అని. రెండూ అంటున్నాడు. కష్టం వచ్చింది, అది పరీక్ష. ఆ కష్టంలో తప్పు దారి పడదామన్న లాగుడు వచ్చింది, అది నా సొంత దురాశ. రెండూ ఒకే బస్సు దిగుతాయి కాబట్టి మనకి ఒకటే అనిపిస్తుంది.

అందుకని ఒక కాగితం తీసుకుని రాయండి. ఇప్పుడు నా మీద ఉన్నదాంట్లో నా చేతిలో లేనిది ఏది (జబ్బు, మూతబడిన కంపెనీ, వాన పడకపోవడం). నేను చేసుకున్నది ఏది (అవసరం లేకపోయినా పెళ్ళికి చేసిన అప్పు, కోపంలో అన్న మాట). వేరే మనిషి చేస్తున్న అన్యాయం ఏది. నన్ను లోపలినుంచి లాగుతున్నది ఏది. నాలుగు గడులు చాలు. నాకు రాసేటప్పుడు సిగ్గేసింది, ఎందుకంటే "సాతాను పోరాటం" అని కూడికలో సాక్ష్యం చెప్పుకున్నవాటిలో సగం రెండో గడిలో పడ్డాయి.

మూడో గడి గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. భర్త కొడుతుంటే, ఇంట్లో ఎవరో హింసిస్తుంటే, అది దేవుడు పెట్టిన సిలువ కాదు, ఓర్చుకోమని చెప్పే హక్కు ఏ పెద్దకీ లేదు. సౌలు రాజు ఈటె విసిరినప్పుడు దావీదు పక్కకి తప్పుకుని పారిపోయాడు, గోడకి ఆనుకుని కూర్చుని కీర్తన రాయలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయడం విశ్వాసం లేకపోవడం కిందకి రాదు.

తినండి, పడుకోండి

ఇది చిన్న విషయం, కానీ అందరం దాటేస్తాం. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసి, ఒక్క బెదిరింపుకి అరణ్యంలోకి పరుగెత్తి, చెట్టు కింద కూర్చుని చచ్చిపోతానన్నాడు (మొదటి రాజులు 19). దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి తినమన్నాడు. ఆయన తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్ళీ తినమన్నాడు. ఆ తర్వాతే ప్రయాణం, ఆ తర్వాతే "ఇక్కడ నీవేమి చేయుచున్నావు" అనే ప్రశ్న.

మనం చేసేది తిరగేసి. మూడు రాత్రులు నిద్ర లేకుండా ఉండి, దాని మీద ఉపవాస ప్రార్థన పెట్టుకుని, దేవుడు మాట్లాడటం లేదని ఏడుస్తాం. ఉపవాసం మంచిదే, నేను శ్రమకాలంలో, అంటే ఈస్టరుకి ముందు నలభై రోజుల్లో, ఉంటాను. కానీ షుగర్ ఉన్నవాళ్ళు, మందుల మీద ఉన్నవాళ్ళు, అప్పటికే అన్నం సయించక నీరసించినవాళ్ళు డాక్టరుని అడగకుండా ఉండొద్దు. స్వస్థత ప్రార్థన చేయించుకున్నామని మందులు ఆపేయడం అసలే వద్దు. ఏలీయా లాగా చచ్చిపోవాలనిపిస్తుంటే ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేం తీసుకోరు.

మీ భాషలో ప్రార్థన చేయండి

మనం ప్రార్థన మొదలుపెట్టగానే గొంతు మారిపోతుంది గమనించారా? అంతసేపూ "ఏంట్రా" అన్నవాడు "పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ, కృతజ్ఞతాస్తుతులు చెల్లించుకొనుచున్నాము" అంటాడు. అందరిలో ప్రార్థించేటప్పుడు అది అలవాటైన బాట, తప్పులేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆ భాష ఒక్కోసారి తెర అయిపోతుంది, నాకు అయింది. జీతం రాని మూడో నెలలో కూడా నేను "సమస్తమును మేలుకొరకే జరిగించుచున్న తండ్రీ" అని మొదలుపెట్టేవాణ్ణి. లోపల పళ్ళు కొరుక్కుంటూ. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ "నాకు చాలా కోపంగా ఉంది స్వామీ, ఆ పిల్ల ఫీజు ఎక్కడినుంచి తేను" అన్నాను. అంతే. ఆ రోజు మొదటిసారి ఎవరితోనో మాట్లాడినట్టు అనిపించింది.

ఎలా చేయాలో తెలియకపోతే 13వ కీర్తనని అచ్చుగా పెట్టుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండూ ఫిర్యాదు, ఎన్నాళ్ళు, ఎంతకాలం అని పట్టుకుని అడగడమే. తర్వాతి రెండూ కావలసింది సూటిగా అడగడం. చివరి రెండూ నమ్మిక. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, ఆ వరసలోనే మీ సొంత మాటలతో రెండేసి వాక్యాలు రాయండి. చివరి భాగం రాకపోతే ఖాళీ వదిలేయండి. రాని నమ్మకాన్ని వచ్చినట్టు రాయొద్దు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు.

తేదీ ఎందుకంటే, అది తర్వాత పనికొస్తుంది, చెప్తాను.

లాగుడు మొదలైన చోట పట్టుకోండి

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎక్కువమంది బోర్లా పడేది ఇక్కడే.

యేసు దగ్గరకి శోధకుడు ఎప్పుడు వచ్చాడు? బాప్తిస్మమప్పుడు జనం మధ్యలో రాలేదు. నలభై రోజులు తినకుండా ఉన్న తర్వాత, ఒంటరిగా, ఆకలిగా ఉన్నప్పుడు వచ్చాడు (మత్తయి 4). మొదట అడిగింది కూడా రొట్టె గురించే. ఆకలి పాపం కాదు, రొట్టె పాపం కాదు. ఉన్న అవసరాన్నే పట్టుకుని వస్తుంది శోధన. నా దగ్గరకి వచ్చిన బిల్లు కూడా అంతే. కంకర లోడు తూకం పెంచి రాసిన బిల్లు, నేను సంతకం పెడితే నలభై వేలు నాకు. నాకు కావలసిన ఫీజు ముప్పై ఎనిమిది వేలు. ఇది దేవుడు తెరిచిన ద్వారమేమో అని నిజంగా అనుకున్నాను, నవ్వకండి. అవసరానికీ వచ్చిన మొత్తానికీ అంత చక్కగా సరిపోయినప్పుడు మనసు వెంటనే దానికి వాక్యం వెతుకుతుంది. గుడి శిఖరం మీద సాతాను కూడా వాక్యమే చెప్పాడు, 91వ కీర్తన. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోంచే జవాబిచ్చాడు, 8వ అధ్యాయం నుంచి ఒకటి, 6వ అధ్యాయం నుంచి రెండు. అరణ్యంలో ఇశ్రాయేలు ఆకలితో, దాహంతో తిరిగినప్పటి పాఠాలు అవి. ఆయన ఎప్పటినుంచో నమిలి మింగిన వాక్యం, ఆకలి రోజున నోటికొచ్చింది. వచ్చినరోజు వెతుక్కుంటే దొరకదు. అందుకని మీ శోధన ఏదో తెలుసు కదా, దానికి సరిపడే ఒక్క వచనం ఇప్పుడే కంఠతా పట్టండి, పది వద్దు.

యాకోబు 1:14లో "ఈడ్వబడి మరులు కొల్పబడి" అని ఉంటుంది. గ్రీకులో ఆ రెండో మాట ఎర వేసి పట్టడానికి వాడేదట. గాలం వేసి చేపని పట్టేవాళ్ళని చూసినవాళ్ళకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చేపకి కనిపించేది వానపామే. ఆ వెంటనే 15వ వచనంలో వరస చెప్తాడు, దురాశ గర్భం ధరిస్తుంది, పాపాన్ని కంటుంది, పాపం పెరిగి మరణాన్ని కంటుంది. అంటే నెలలు పడుతుంది. మనం ప్రసవం రోజున వెళ్ళి ఆపాలని చూస్తాం.

కాబట్టి పని ఏమిటంటే, పడిపోయిన లేదా పడబోయిన గత మూడు సార్లు తీసుకుని వెనక్కి నడవండి. రాత్రి పదకొండున్నరకి ఫోన్లో చూడకూడనిది చూశారనుకోండి. దానికి ముందు ఏం చేస్తున్నారు? మంచం మీద ఊరికే స్క్రోల్ చేస్తున్నారు. దానికి ముందు? భార్యతో మాటామాటా అనుకుని వేరే గదిలోకి వచ్చారు. అదిగో, మీ తలుపు పదకొండున్నర దగ్గర లేదు, తొమ్మిదింటికి విసిరిన మాట దగ్గర ఉంది. బెట్టింగ్ యాప్‌ల వాళ్ళకి అది ఒకటో తారీఖు జీతం పడిన గంట. తాగుడు మానినవాళ్ళకి అది సాయంత్రం ఇంటికి వెళ్ళే ఒక మలుపు. సామెతలు 7వ అధ్యాయంలో బుద్ధిలేని పడుచువాడు పాపంలోకి దూకలేదు, చీకటి పడే వేళ జారస్త్రీ ఉండే సందు దగ్గరగా నడిచాడు, అంతే.

తలుపు తెలిసాక చేసేవి చాలా మామూలు పనులు. ఫోన్ చార్జర్ హాల్లో పెట్టండి. యాప్ తీసేయడమే కాదు, దానికి కలిపిన ఖాతా మూయండి, జీతం పడిన రోజే ఇంటి ఖర్చు మీ ఆవిడ ఖాతాకో అమ్మ ఖాతాకో వేసేయండి. దారి మార్చండి, పావుగంట ఎక్కువైనా సరే. యోసేపు తన యజమాని పోతీఫరు భార్య పట్టుకుంటే ఆమెతో వాదన పెట్టుకోలేదు, ఆమె చేతిలో వస్త్రం వదిలేసి బయటికి పారిపోయాడు. ఆత్మీయంగా బలంగా ఉన్నాను కాబట్టి అక్కడే నిలబడి గెలుస్తాను అనుకునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. నేనే ఒకణ్ణి.

మొదటి కొరింథీ 10:13లో దేవుడు శోధనతోకూడ "తప్పించుకొను మార్గము" కలగజేస్తాడని ఉంది. ఆ మార్గం పెద్ద ద్వారంలా, వెలుగుతో ఉంటుందనుకునేవాణ్ణి. ఆ రోజు నాకు దొరికిన మార్గం టీ కొట్టు. పెన్ను మూత తీసి, సంతకం పెట్టే చోట టిక్కు కూడా వేసేసి ఉంది, "ఒక్క నిమిషం, టీ తాగొస్తా" అని లేచాను. అంత పిరికిగా ఉంది నా విజయం. టీ కొట్టు దగ్గరనుంచి మా సంఘ పెద్ద ఒకాయనకి ఫోన్ చేశాను. ఆయన ప్రార్థన కూడా చేయలేదు, "వెనక్కి వెళ్ళకు, తలనొప్పని చెప్పి ఇంటికి పో, రేపు మాట్లాడదాం" అన్నాడు.

ఒక్కరికి చెప్పండి, పదిమందికి వద్దు

మీ పాపములను ఒకనితో నొకడు ఒప్పుకొనుడని యాకోబు 5:16 చెప్తుంది. మనం దీన్ని ఎంతగా దాటేస్తామంటే, ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చున్నవాళ్ళకి కూడా ఒకరి శోధన ఒకరికి తెలియదు. "బాగున్నారా అన్నా", "దేవుని కృప", అయిపోయింది.

అయితే ఎవరికి చెప్పాలో చూసుకోండి. మన దగ్గర చాడీలకి చాలా పవిత్రమైన పేరు ఒకటుంది, "ప్రార్థన మనవి" అని. "ఫలానా తమ్ముడి గురించి ప్రార్థించండి, పేరు చెప్పను గానీ, రెండో లైనులో ఉండే ఇల్లు" అని మొదలవుతుంది. అలాంటి నోటికి చేరకూడదు. గతంలో తన సొంత తప్పు మీతో ఒప్పుకున్న మనిషి, మీరు చెప్పిన చిన్న సంగతిని దాచిన మనిషి, మీలాగే మగవాళ్ళైతే మగవాళ్ళు, ఆడవాళ్ళైతే ఆడవాళ్ళు, అలాంటి ఒక్కరు చాలు. అయ్యగారే కానక్కర్లేదు. చెప్పేటప్పుడు కూడా "నాకు శోధనలున్నాయి" అని చుట్టూ తిప్పకుండా ఏమిటో, ఎప్పుడో చెప్పి, వారానికి ఒకసారి మీరే అడగండి అని ఒప్పందం పెట్టుకోండి.

ఇక మీరే వినే వంతు వస్తే? యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు తెరవలేదు. వాళ్ళు చేసిన మంచిపని అదే. ఎనిమిదో రోజు నుంచి కారణాలు చెప్పడం మొదలుపెట్టి చెడగొట్టారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి "వీడా, వీని కన్నవారా" ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే యేసు ఇద్దరూ కాదన్నాడు. బిడ్డ పోయిన తల్లి దగ్గర "దేవుడికి ఒక ఉద్దేశం ఉంది తల్లీ" అనకండి. ఉండొచ్చు. మీకు తెలియదు. వంట చేసి పట్టుకెళ్ళండి.

పడిపోతే

ఆరోజే లేవండి. వారం రోజులు సిగ్గుతో ప్రార్థన మానేయడం పశ్చాత్తాపం అనుకుంటాం, అది రెండో శోధన. పేతురు బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ మూడుసార్లు ఎరగనన్నాడు, పునరుత్థానం తర్వాత సముద్రం ఒడ్డున యేసు మళ్ళీ నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, తిన్నాక మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. ముందు భోజనం, తర్వాత ప్రశ్న, ఏలీయా దగ్గర లాగే. డబ్బు తీసుకుని ఉంటే తిరిగివ్వండి, అబద్ధం ఆడి ఉంటే ఆ మనిషికే చెప్పండి. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను కదా అని మనిషి దగ్గర బాకీ ఎగ్గొట్టడం, అన్యాయంగా తీసుకున్నది తిరిగిస్తానన్న పన్నుల జక్కయ్యకి తోచలేదు, మనకే తోచింది.

మరి ఉద్దేశం ఎక్కడ?

అసలు ప్రశ్నకి ఇంత ఆలస్యంగా రావడం కావాలనే. శ్రమ మధ్యలో ఉండగా "ఇది ఎందుకు ఇచ్చాడు" అని తవ్వితే నాకు ఎప్పుడూ దొరకలేదు, దొరికిందనుకున్నవి రెండు నెలల్లో తప్పని తేలాయి. ఆ జీతం ఆగడం "ఇంకా పెద్ద ఉద్యోగం ఇవ్వడానికే" అని ఒక ప్రార్థనాపరురాలు చెప్పింది, మేమూ నమ్మాం. ఇవ్వలేదు. బిల్లు మీద సంతకం పెట్టనన్నాక రెండు నెలలకి నన్ను మానిపించారు, ఫీజు కోసం చెల్లెలి గాజులు కూడా తాకట్టులోకి వెళ్ళాయి.

లెక్కలవాణ్ణి కాబట్టి, అన్నలు గొయ్యిలో పడేసి అమ్మేసిన యోసేపు లెక్క వేశాను. పదిహేడేళ్ళ వయసులో కథ మొదలవుతుంది, ముప్పై ఏళ్ళకి ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడ్డాడు. పదమూడేళ్ళు గొయ్యి, బానిసతనం, చెరసాల, అందులో రెండేళ్ళు, చెరలో తనతో ఉండి విడుదలైన పానదాయకుల అధిపతి మరచిపోయినవే. తర్వాత ఏడేళ్ళ పంట, రెండేళ్ళ కరవు. అప్పటికి ముప్పై తొమ్మిది. "ప్రాణరక్షణ కొరకు దేవుడు నన్ను ముందుగా పంపించాడు" అని అన్నల ముందు మొదటిసారి అన్నది అప్పుడు. అంటే ఇరవై రెండేళ్ళు. గోతిలో ఉండగా ఆ మాట అన్నట్టు ఎక్కడా లేదు, గోతిలో బతిమాలుకున్నాడని అన్నలే తర్వాత ఒప్పుకున్నారు. మధ్యలో ఆ ఇరవై రెండేళ్ళూ ఏం చేశాడు? పోతీఫరు ఇల్లు సరిగ్గా చూసుకున్నాడు. చెరసాలలో ఒక ఉదయం ఇద్దరు ఖైదీల మొహాలు చూసి "ఎందుకు మీ ముఖాలు చిన్నబోయి ఉన్నాయి" అని అడిగాడు. తనకే దిక్కులేని చోట పక్కవాడి మొహం చూశాడు, తర్వాత కథంతా ఆ ప్రశ్నలోంచే నడిచింది.

అందుకే నేను ఇప్పుడు "ఎందుకు" పక్కన ఇంకో మూడు ప్రశ్నలు రాసుకుంటాను. ఈరోజు నా చేతిలో ఉన్న పని ఏది? ఈ కష్టం వల్ల నాకు కొత్తగా ఎవరి బాధ అర్థమవుతోంది? దీనివల్ల నాలో ఏది బయటపడుతోంది, ఓర్పా, చిరాకా, డబ్బు మీద నాకున్న ప్రేమా? రెండో ప్రశ్నకి పౌలు రెండో కొరింథీ మొదట్లోనే జవాబు రాశాడు, మనకి దొరికిన ఆదరణతో వేరేవాళ్ళని ఆదరించడానికి అని. నోటుపుస్తకంలో తేదీలు వేయమన్నది ఇందుకే. ఆరు నెలలకోసారి వెనక్కి తిప్పితే, రోజూ కనిపించని కదలిక కనిపిస్తుంది. కొన్ని పేజీలకి ఏమీ కనిపించదు, నాకు ఇప్పటికీ కనిపించనివి ఉన్నాయి. పౌలు తన శరీరంలో ఉన్న ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు, ప్రభువు తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు. ముల్లు ఏమిటో కూడా రాయలేదు పౌలు, మంచిపనే చేశాడు, ఎవరి ముల్లు వాళ్ళు అక్కడ పెట్టుకోవచ్చు.

మాది ఒంగోలు వైపు. మా నాయనమ్మ గుండ్లకమ్మ నదిలో జరిగిన బాప్తిస్మాల సంగతి తన చిన్నప్పుడు విన్నట్టు చెప్పేది. 1876-78 కరవులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోయారు. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి కూలిపని ఇచ్చాడు. అక్కడ పనిచేస్తూ వాక్యం విన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడుగుతుంటే, కరవు నడుస్తున్నన్నాళ్ళూ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో వాళ్ళకీ తెలియాలి కదా. కరవు సాయం ఆగాకే తలుపు తీశాడు. 1878 జులై 3న ఒంగోలుకు దగ్గర్లో వెల్లంపల్లి రేవులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట బతికినవాళ్ళు.

నాకు ఇందులో ఆ అంకె కంటే, ఆ ఆపి ఉంచడం నచ్చుతుంది. మనిషి ఆకలిని ఎరగా వాడటం ఎంత సులువో ఆలోచించండి, వాడలేదు. ఇంకోమాట, ఇంతమంది వచ్చారు కాబట్టి కరవు మంచిదే అని ఎవరైనా ప్రసంగంలో అంటే నేను లేచి బయటికి వెళ్తాను. కరవు కరవే. దాంట్లో ఒకాయన కాలువ పని పట్టుకున్నాడు, కూలీలు తవ్వారు, బోధకులు వాళ్ళ పక్కన నిలబడి పని చూసుకుంటూ మాట్లాడారు. ఉద్దేశం అనేది నాకు కనిపించినంతవరకు అలాగే ఉంటుంది, గునపం పట్టుకున్నట్టు.

క్రితం ఏడాది మా సంఘంలో ఒక కుర్రాడు, స్టోర్స్‌లో పనిచేస్తాడు, ఆరాధన అయ్యాక "అన్నా, మీతో ఒక మాట" అన్నాడు. స్టాకు లెక్క మార్చి రాయమంటున్నారట, ఇంట్లో నాన్నకి డయాలసిస్. నేను వాక్యం తీయలేదు. టీ కొట్టుకి తీసుకెళ్ళి నా కంకర బిల్లు కథ మొత్తం చెప్పాను, టిక్కు వేసిన సంగతితో సహా. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో చేయిస్తున్నారా అని అడిగాను, కార్డు ఉంది గానీ చేయించడం లేదన్నాడు, ఆ మర్నాడే ఇద్దరం ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరకి వెళ్దామనుకున్నాం.

కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని అడిగాడు, "మీకు తర్వాత వేరే ఉద్యోగం ఎన్నాళ్ళకి దొరికిందన్నా?"

"ఏడు నెలలు."

వాడికి ఆ జవాబు నచ్చలేదు. నాకూ నచ్చలేదు. ఇంకో టీ చెప్పాను.